మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా

ఈ సంచికలో జార్ఖండ్ ఆదివాసుల మహానాయకుడు జైపాల్ సింగ్ ముండాను స్మరించుకుంటున్నాం. ఆయన హాకీ ఆట గురించి మన యువతలో చాలామంది వినే ఉంటారు. ఆయన నడిపిన పార్టీ గురించి కూడా మనం తెలుసుకోవాలి.

ఆయన 1903 జనవరి 3న ఇప్పటి ఖూంటీ జిల్లాలోని టకరా గ్రామంలో ముండా కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు పశువులు కాశారు. రాంచీలో మిషన్ బడిలో చదువుకుని, ఇంగ్లండ్ వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా పొందారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఫైనల్ నాటికి ఆయన జట్టులో లేకపోయినా, ఆ ఏడాది మన దేశం బంగారు పతకం గెలిచింది. ఆట కోసం ఐసీఎస్ శిక్షణ మధ్యలో వెళ్లినందుకు మరో ఏడాది శిక్షణ పొందమన్నారు. ఆయన ఆ ఉద్యోగాన్నే వదులుకున్నారు.

1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు. రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడారు.

ఛోటానాగ్‌పూర్, సంథాల్ పరగణాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది మహాసభ కోరిక. కానీ ఆ ప్రాంత జనాభాలో ఆదివాసులు మూడో వంతు పైచిలుకు మాత్రమే. ఒంటరిగా గెలవడం కష్టమని జైపాల్ సింగ్ గ్రహించారు. తరతరాలుగా అదే నేల మీద బతుకుతున్న ఆదివాసేతరులను సదాన్‌లు అంటారు. వారూ మనవారేనని తలచి, 1950లో మహాసభను జార్ఖండ్ పార్టీగా మార్చి, అందరికీ సభ్యత్వం ఇచ్చారు. కోడిపుంజు గుర్తుతో 1952 ఎన్నికల్లో 32 స్థానాలు గెలిచి, బీహార్ శాసనసభలో ఆ పార్టీ ప్రధాన ప్రతిపక్షమైంది.

అయినా రాష్ట్రం రాలేదు. తెలంగాణ, విశాలాంధ్రల సంగతిని పరిశీలించిన రాష్ట్రాల పునర్విభజన సంఘమే 1955లో జార్ఖండ్ కోరికనూ తోసిపుచ్చింది. ఆ ప్రాంతంలో పార్టీకి పూర్తి మెజారిటీ లేదని, ఆదివాసేతరులు విభజనను కోరడం లేదని చెప్పింది. అంటే సభ్యత్వం తెరిచినంత మాత్రాన ఇరుగుపొరుగుల నమ్మకం దొరకలేదన్నమాట.

తర్వాత పార్టీ బలం తగ్గింది. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. రాష్ట్రం మాత్రం దక్కలేదు. ఎందరో కార్యకర్తలు బాధపడ్డారు, పార్టీ ముక్కలైంది. 1970 మార్చి 20న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. 2000 నవంబర్ 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పొరుగువారితో చేయి కలపడం వేరు, మన ఇంటిని మరొకరి ఇంట్లో కలిపేయడం వేరు. మొదటిది ఆయన 1950లో చేశారు, రెండోది 1963లో జరిగింది. మొదటి దాని వల్ల మన మాటకు బలం పెరిగింది. రెండోదాని వల్ల మన మాట వినిపించే వేదికే పోయింది. మన సంఘాల్లో ఇతరులతో కలిసి పనిచేసేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకుందాం. మరంగ్ గోమ్కేకు మనమిచ్చే నివాళి అదే.