మరపును కొలిచిన మనీషి

నిన్న అప్పగించిన పాఠమును నేడు మరచిన బాలుని మందమతి యనియో, సోమరి యనియో తలచుట బడులలో పరిపాటి. మరపు బాలుని దోషము కాదనియు, అది మనస్సునకు సహజధర్మమనియు లెక్కలతో చూపిన మహనీయుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్.

ఆయన 1850 జనవరి 24వ తేదీన జర్మన్ దేశమందలి బార్మెన్ పట్టణమున జన్మించెను. బాన్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము నభ్యసించి 1873లో డాక్టరు పట్టము నందెను. పిమ్మట ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో పిల్లలకు చదువు చెప్పుచు కొంతకాలము గడపెను. ఆ దినములలోనే ఫెక్నర్ పండితుని గ్రంథ మొకటి ఆయన కంటబడెను. ఇంద్రియానుభవమును కొలువవచ్చునని ఆ గ్రంథము బోధించుచుండెను. అట్లయినచో జ్ఞాపకశక్తిని మాత్ర మేల కొలువరాదని ఆయనకు తోచెను.

చేతిలో ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. ఆయన తన మనస్సునే ప్రయోగశాలగా జేసికొనెను. తెలిసిన మాటలైనచో పూర్వపరిచయము లెక్కను చెరచునని యెంచి, రెండు హల్లుల నడుమ అచ్చు నిలిపి సుమారు 2,300 నిరర్థక శబ్దములను కూర్చెను. వానిని వరుసలుగా వల్లించి కంఠస్థము చేయుట, కొంత వ్యవధి పిమ్మట మరల నేర్చుట, రెండవమారు ఎంత శ్రమ తగ్గెనో గణించుట, ఇదియే ఆయన పద్ధతి. ఏండ్ల తరబడి సాగిన ఈ నీరస తపస్సు 1885లో గ్రంథరూపమున ఫలించెను.

మరల నేర్చునపుడు, గంట వ్యవధిలో మొదటి శ్రమయందు నూటికి 44 వంతులే ఆదా అయ్యెను. ఒక దినమునకు 34, ఆరు దినములకు 25, నెల గడచిన పిమ్మట 21. అనగా మరపు మొదట వడిగాను, పిదప మెల్లగాను నడచును. ఒక్క దినముననే 68 మారులు వల్లించిన ఫలితము, మూడు దినములకు పంచి 38 మారులు వల్లించినను సిద్ధించెను. అర్థవంతమైన పద్యమునకు నిరర్థక శబ్దములకైన శ్రమలో పదియవ వంతే చాలెను.

తరువాత బ్రెస్లావు నగరమున ఆచార్యుడై, బడివేళలలో పిల్లల మనస్సు ఎంత యలయునో తెలిసికొనుటకు, వాక్యములందు విడిచిన ఖాళీలను పూరించు పరీక్షను రూపొందించి 1897లో ప్రకటించెను. 1909 ఫిబ్రవరి 26వ తేదీన హాలె నగరమున న్యుమోనియాతో మరణించెను.

ఒక్క మనిషి తనపై చేసికొన్న ప్రయోగము ఎల్లరకు వర్తించునా యను సంశయము సహజమే. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఆ ప్రయోగమును తిరిగి చేసి 2015లో ప్రకటించిన ఫలితములు ఆయన లెక్కలకు మిక్కిలి చేరువగనే యున్నవి.

పరీక్షకు ముందునాటి రాత్రి పాఠమంతయు వల్లించు విద్యార్థియు, ఒకమారు చెప్పి ముందునకు సాగు ఉపాధ్యాయుడును ఈ జీవితమునుండి నేర్వదగిన దొక్కటి కలదు. అర్థము తెలిపి నేర్పవలెను. మరపు ముదురకముందే మరల తలపింపవలెను. మరచిన బాలునికి కావలసినది దండనము కాదు, మరియొక మారు పునశ్చరణము.