మందస అడవి కోసం నిలబడిన గున్నమ్మ

ఊటగెడ్డ, చెరువుగర్భం, పశువులు మేసే బంజరు, వంటచెరకు తెచ్చుకునే కొండ: ఇవి ఎవరి పేరునా పట్టా లేనివి గనుక ఎవరికీ చెందవని మనలో చాలామందిమి అనుకుంటాం. 1940లో మందసలో ఒక రైతు మహిళ అలా అనుకోలేదు. ఆమెను ఈ వారం మా పాఠకులకు గుర్తుచేయాలనుకుంటున్నాం.

సాసుమాన గున్నమ్మది నేటి శ్రీకాకుళం జిల్లా మందస ప్రాంతంలోని గుడారి రాజమణిపురం. ఒకవైపు మహేంద్రగిరి, మరోవైపు సముద్రం, నడుమ కొండల నుంచి దిగే గెడ్డల నీటితో బతికే పల్లెలు. ఆమెకు పదవి లేదు, ఆస్తి బలం లేదు. సేద్యమే ఆధారమైన ఊరి మనిషి.

అప్పుడు ఆ ఊళ్లు మందస జమీందారీలో ఉండేవి. శిస్తు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే జమీందార్లు కాలక్రమంలో అడవికీ, బంజరుకీ, నీటికీ కూడా తామే యజమానులమన్నారు. పొయ్యిలోకి కట్టె, నాగలికి కర్ర, ఇంటికి వాసం లేనిదే రైతు కుటుంబం గడవదు. తాతల నాటినుంచి తెచ్చుకుంటున్న ఆ కర్రే నేరమైంది.

రైతులు మొదట అర్జీల దారినే పట్టారు. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర సాగింది. టంగుటూరి ప్రకాశం పంతులు అధ్యక్షతన ఏర్పడిన సంఘం, జమీందారు శిస్తు వసూలుదారే గాని భూమికి యజమాని కాడని 1938లో తేల్చింది. అది చట్టం కాకముందే 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1940 మార్చిలో పక్కనే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆ ధైర్యంతో మందస రైతులు అడవికి వెళ్లి కలప తెచ్చుకున్నారు.

దానిపై పోలీసులు గుడారి రాజమణిపురం వచ్చి రైతులను పట్టుకున్నారు. వారిని తీసుకుపోనివ్వకుండా ఊరి జనం అడ్డుపడ్డారు. అందరికంటే ముందు గున్నమ్మ నిలబడింది. ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో ఆమె, మరికొందరు రైతులు ప్రాణాలు విడిచారు. ఆమెను జిల్లా ప్రజలు నేటికీ వీర గున్నమ్మ అనే పిలుస్తారు.

1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టం చేసింది. అడవులు, చెరువులు, పోరంబోకులు, ఊరుమ్మడి భూములు జమీందారుల చేతినుంచి ప్రభుత్వానికి వచ్చాయి. అదంతా ఒక్క గున్నమ్మ వల్లే జరిగిందనడం సరికాదు. అయితే అలాంటి ఊళ్లు లేకుండా ఆ చట్టం వచ్చేది కాదని మాత్రం నమ్ముతున్నాం.

ప్రభుత్వం చేతికి వచ్చినంత మాత్రాన ఉమ్మడి నేల భద్రమైపోలేదు. మందస పక్కనే ఉన్న సోంపేట బీలలో విద్యుత్ కేంద్రానికి భూమి కేటాయించినప్పుడు, ఆ చిత్తడినేల మీద బతికే రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. పర్యావరణ అప్పీళ్ల సంస్థకూ వెళ్లారు. 2010 జులై 14న కాల్పుల్లో ఇద్దరు మరణించారు. అదే రోజు ఆ సంస్థ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ రద్దుకు ఆధారం ఊరివాళ్లు ఓపికగా వినిపించిన వాదన.

నాబోతు ద్రాక్షతోట కథ మన సంఘాల్లో పిల్లలకు కూడా తెలుసు. మనం సాధారణంగా అహాబు దురాశ గురించే మాట్లాడుకుంటాం. నాబోతుకు కీడు తలపెట్టినప్పుడు ఊరి పెద్దలు ఎదురు చెప్పక ఆ పన్నాగానికి సహకరించారన్నది కూడా ఆ కథలోనే ఉంది. గుడారి రాజమణిపురంలో ఊరు మౌనంగా ఉండలేదు.

మనవాళ్లలో ఎవరూ తూటాకు ఎదురు నిలబడాల్సిన రోజు రాకూడదు. అందుకు ముందుగా చేయవలసిన పని ఉంది. మన ఊటగెడ్డ, మన మేత బంజరు రెవెన్యూ రికార్డుల్లో ఏ పేరుతో ఉన్నాయో అడిగి తెలుసుకుందాం. ఆక్రమణ కనిపిస్తే గ్రామసభలో తీర్మానం చేయిద్దాం. కొండ ఊళ్లలో 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది. వచ్చే గ్రామసభకు మన సంఘాల నుంచి పదిమందైనా వెళ్లాలని కోరుతున్నాం.