కదలికకు బలమిచ్చు రహస్యము: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

అమీబా తన దేహమునే ముందునకు జార్చి పాకును. పారమీషియము సన్నని కేశములను తెడ్లవలె నాడించి యీదును. చేప తోకతో నీటిని త్రోయును. గ్రద్ద రెక్కలతో గాలిని కొట్టును. మన నకిరేకల్ చేలలో ఎద్దు నాగలి లాగును. రీతులు వేరైనను ఈ కదలికల కన్నిటికిని బలమిచ్చు పదార్థ మొక్కటే. దానిని కనుగొన్నవారిలో నొకరు మన తెలుగువారే. వారి చరిత్రమును విద్యార్థుల కెఱిగింప దలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున, కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని ఇల్లు విడిచిపోగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించి చదువున నిలిపిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు గట్టెక్కిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. అయినను అధైర్యపడక అమెరికా చేరి, బోస్టను నగరమున ఆసుపత్రిలో చిన్నపనులు చేసి పొట్టపోసికొనుచు చదివి, హార్వర్డు వైద్యవిద్యాలయమున ఫిస్కేగారితో పరిశోధన సాగించిరి.

కండరము లాక్టికామ్లము వలన ముడుచుకొనునని ఆ కాలపు విద్వాంసులు నమ్మిరి. ఫిస్కే, సుబ్బారావుగార్లు 1925లో భాస్వరమును కొలుచు సులభమార్గమును ప్రకటించిరి. దాని సాయముననే 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటినును కనుగొనిరి. కండరము పనిచేయునపుడు అది తఱుగును. విశ్రమించినపుడు మరల పెరుగును. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్‌గారును దానిని కనుగొనిరి. ఏ.టి.పి. విచ్ఛిన్నమగునపుడు వెలువడు శక్తియే కండరమును ముడుచును. ఏ.టి.పి. చేతిలోని గింజ యైనచో, ఫాస్ఫోక్రియాటిను గాదెలోని ధాన్యము. పరుగుపందెమున తొలి కొన్ని క్షణముల వేగము ఆ గాదెనుండి వచ్చునదే. లాక్టికామ్లము లేకయే కండరము ముడుచుకొనగలదని 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డు నిరూపింపగా పాత సిద్ధాంతము కూలెను.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. వారి నాయకత్వమున ఫోలికామ్లము, బోదకాలు జబ్బునకు కారణమగు క్రిముల నణచు మందు, ఆరియోమైసిను వెలువడెను. 1948 ఆగస్టులో న్యూయార్కున పరమపదించిరి. నోబెల్ బహుమానము వారికి రాలేదు. పేరుకొఱకు వారు ప్రాకులాడనూ లేదు.

పరీక్షలో తప్పిన బాలుని పనికిరానివాడని ఎంచు తల్లిదండ్రులు వెంకమ్మగారిని తలంతురుగాక. తప్పిన బాలుడును, తన చేతివ్రేలు కదలినప్పుడెల్ల, మూడవమారు పరీక్షకు కూర్చున్న ఈ మహనీయుని స్మరించి మరల పుస్తకము విప్పునుగాక.