కూలీల పిల్లల డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి



మాంటిస్సోరి అనగానే మనకు ఫీజులు ఎక్కువగా ఉండే ప్రైవేటు బడి బోర్డు గుర్తుకొస్తుంది. కానీ ఆ పేరు గల డాక్టరమ్మ మొదటి బడి పెట్టింది కూలీల పిల్లల కోసమే.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లెలో జన్మించారు. 1896లో వైద్య పట్టా పొందారు. రోము నగరంలో బుద్ధిమాంద్యం గల పిల్లలను పిచ్చాసుపత్రిలో ఉంచడం చూసి చలించిపోయారు. వారికి మందులకంటే చేతితో తాకి, పేర్చి, ఆడుకునే వస్తువులే అవసరమని గ్రహించారు. చెక్క దిమ్మెలు, చెక్క అక్షరాలు ఇచ్చి నేర్పించారు. ఎందుకూ పనికిరారన్న ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతో సమానంగా పరీక్ష పాసయ్యారు.

1907 జనవరి 6న రోములోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో 'బాలల ఇల్లు' ప్రారంభించారు. తల్లిదండ్రులు పనికి పోతే దిక్కులేక తిరిగే పిల్లలే అక్కడి విద్యార్థులు. తల్లులు వారానికొకసారి వచ్చి టీచరుతో మాట్లాడాలని నియమం పెట్టారు.

1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల 1946 వరకు మన దేశంలోనే ఉండిపోయారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

నాకు చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయి. అమ్మ నాట్లకు పోతూ నన్ను రుద్రూర్‌లో అంగన్‌వాడీలో దింపేది. టీచరమ్మ బొమ్మలతో ఆడిస్తూనే నన్ను మాట్లాడించింది, అమ్మకు ధైర్యం చెప్పింది. ఈ రోజు మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఏ చిన్న పిల్లవాడినీ మొద్దు అనకండి. కాసేపు కూర్చుని వాడితో ఆడండి.