ఏడుసార్లు పడగొట్టిన ఆటగాడు.. బెల్టు మాత్రం పెట్టుకోలేదు

డెరిక్ థామస్ 1967లో అమెరికాలోని మయామీలో పుట్టాడు. తండ్రి వైమానిక దళంలో పైలట్. 1972 డిసెంబరులో వియత్నాం యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి డెరిక్‌కు ఐదేళ్లే.

1989లో కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా చేరాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతన్ని పడగొట్టడాన్ని 'సాక్' అంటారు. అందులో డెరిక్ దిట్ట. 1990 నవంబరు 11న, అక్కడి మాజీ సైనికుల దినం రోజే, సియాటెల్‌పై ఒకే మ్యాచ్‌లో 7 సాక్‌లు చేసి రికార్డు కొట్టాడు. ఎనిమిదోది చేతికి చిక్కి జారింది. ఆ బంతికే సియాటెల్ 17-16తో గెలిచింది.

మొత్తం 11 సీజన్లలో 126.5 సాక్‌లు చేశాడు. శనివారాలు లైబ్రరీకి వెళ్లి పేద పిల్లల చేత పుస్తకాలు చదివించేవాడు.

2000 జనవరి 23న మంచు పడ్డ రోడ్డు మీద ఎయిర్‌పోర్టుకు కారు నడుపుతుంటే బండి పల్టీ కొట్టింది. కారులో ముగ్గురున్నారు. బెల్టు పెట్టుకోని ఇద్దరూ బయటికి ఎగిరిపడ్డారు. స్నేహితుడు అక్కడే చనిపోయాడు. డెరిక్‌కు ఛాతీ కింద నుంచి శరీరం చచ్చుబడిపోయింది. ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డ చేరి, ఫిబ్రవరి 8న 33 ఏళ్లకే కన్నుమూశాడు.

మూడో మనిషి చిన్న గాయాలతో బయటపడ్డాడు. అతను బెల్టు పెట్టుకున్నాడు.