ఆటా, చదువా? రహీం సార్‌ కథ వినండి

ఇంటర్‌ అయిపోవచ్చింది. బ్యాగులో ఒకపక్క ఫిజిక్స్‌ పుస్తకం, ఇంకోపక్క ఫుట్‌బాల్‌ బూట్లు. కాలేజీ అప్లికేషన్‌లో స్పోర్ట్స్‌ కోటా గడి దగ్గరికొచ్చి పెన్ను ఆగిపోయింది. ఇంట్లోవాళ్లేమో ఆటో, చదువో ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు. మీ పరిస్థితి ఇదేనా? అయితే మన హైదరాబాదీ టీచర్‌ ఒకాయన గురించి చెబుతా, వినండి.

పేరు సయ్యద్‌ అబ్దుల్‌ రహీం. ‘మైదాన్‌’ సినిమాలో అజయ్‌ దేవగణ్‌ వేసింది ఈయన పాత్రే. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుంటూనే ఫుట్‌బాల్‌ ఆడారు. అప్పటి, అంతకుముందటి ఉస్మానియా విద్యార్థులతో కూడిన ‘ఎలెవెన్‌ హంటర్స్‌’ జట్టులో ఆయనా ఒకరు.

చదువయ్యాక బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్‌ స్కూలు, ఉర్దూ షరీఫ్‌, దారుల్‌ ఉలూమ్‌, చాదర్‌ఘాట్‌ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇక ఆటెందుకు అనుకోలేదాయన. ఆటనే మళ్లీ చదువుగా తీసుకున్నారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

1950లో హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టుకు కోచ్‌ అయ్యారు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్‌ కప్పులు ఆ జట్టువే. బోధన ఆయన ఒంట్లోంచి పోలేదు. డ్రిబ్లింగ్‌ చేయకూడదని ఒక టోర్నీ, వాటం లేని కాలితోనే తన్నాలని ఇంకో టోర్నీ పెట్టేవారు. పాఠాన్ని ముక్కలు చేసి, వీక్‌గా ఉన్న చోట ఎక్కువ ప్రాక్టీసు చేయించడం మంచి టీచర్‌ పనే కదా!

భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. అంత దెబ్బ తిన్నాక కూడా నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో అదే జట్టును సెమీఫైనల్‌ దాకా తీసుకెళ్లారు. చివరికి నాలుగో స్థానం దక్కింది.

ఆ మెల్‌బోర్న్‌ జట్టులో తులసీదాస్‌ బలరాం ఉన్నాడు. ఊరు అమ్ముగూడ. మా కాప్రా నుంచి ఎంతో దూరం లేదు, బండి మీద కాసేపట్లో వెళ్లిపోవచ్చు. హైదరాబాద్‌ జట్టు ఎంపికకు రమ్మంటే, రానుపోను ఖర్చులకు ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చి రప్పించుకుంది రహీం సారే. ఒక పిల్లవాడికి దారి ఎక్కడ మూసుకుపోతుందో టీచర్‌కి తెలుసు.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో స్వర్ణం గెలిపించారు. తొమ్మిది నెలలకే, 1963 జూన్‌ 11న, క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

ఇదంతా మీకెందుకంటే, ఇంజినీరింగ్‌ సీటు కోసం ఇంటర్‌లోనే బంతిని అటక ఎక్కించినవాణ్ని నేను. సీటొచ్చింది, బంతి మాత్రం మళ్లీ దిగలేదు. రెండూ కుదరవని నాకెవరూ రుజువు చేయలేదు, నేనే నమ్మేశాను. మీరలా తొందరపడకండి.

ఇప్పుడు దారులు ఎక్కువే. జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీల సర్టిఫికెట్లు ఒరిజినల్స్‌తో సహా ఒకే ఫైల్లో పెట్టుకోండి. కోటాలో చూసేది మీరు ఏ స్థాయిలో ఆడారన్నదే. ఐఐటీ మద్రాస్‌ 2024-25 నుంచి క్రీడాకారులకు విడిగా సీట్లిస్తోంది. కాకపోతే జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రావాల్సిందే. అంటే అక్కడా పుస్తకం వదలడానికి లేదు. ఆటనే వృత్తిగా చదవాలనుకుంటే పీఈసెట్‌ ఉంది. ఇంటర్‌తో డీపీఎడ్‌, డిగ్రీతో బీపీఎడ్‌ చేయొచ్చు. దేహదారుఢ్య పరీక్షలు ఉంటాయి కాబట్టి ప్రాక్టీసు ఆపకండి.

జట్టులో అందరూ స్టార్లు కాలేరు, నిజమే. రహీం సార్‌ పేరు నిలిచింది కూడా ఆయన కొట్టిన గోల్స్‌ వల్ల కాదు. ఆటా చదువూ రెండూ వచ్చిన మనిషి కావడం వల్ల. ఈసారి ఇంట్లో ఆ ప్రశ్న అడిగితే ఈ కథ చెప్పండి. చెప్పి, ముందు ఆ ఫారం నింపేయండి.