దీపం పట్టుకున్న తల్లి - ఫ్లోరెన్స్ నైటింగేల్

 

ఈ నెల మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక నా వంతుకు వచ్చింది. ఇంతవరకు ఈ గోడ మీద మనం కొమురం భీమ్ గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, సావిత్రిబాయి ఫూలే గురించి చదువుకున్నాము. నేను ఒక నర్సు గురించి రాస్తున్నాను. నర్సు గురించి రాయడానికి ఏముంటుంది, సూది వేసి పోతుంది గదా అని కొందరు నవ్వారు. దయచేసి చివరిదాకా చదవండి.

బాల్యము

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820వ సంవత్సరం మే 12న ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. మన దగ్గర సోమవారం పుడితే సోమక్క అని పెట్టినట్టు అన్నమాట. తల్లిదండ్రులు ఇంగ్లండు దేశస్థులు, బాగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు రెండు పెద్ద బంగళాలు, భూములు ఉండేవి. ఆడపిల్లలను బడికి పంపని కాలం కాబట్టి తండ్రే ఇంట్లో కూర్చోబెట్టి లాటిన్, గ్రీకు, చరిత్ర, లెక్కలు చెప్పాడు. మనలో చాలామందికి భయమైన లెక్కలే ఆమెకు చాలా ఇష్టం. ఈ లెక్కల సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఒకసారి గొర్రెలకాపరి కుక్కకు కాలు దెబ్బ తగిలితే ఆమె వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టి బాగుచేసిందని చెబుతారు. 1837లో, పదహారేళ్ళ వయసులో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె గట్టిగా నమ్మింది.

ఇంట్లో వద్దన్నారు

1845లో ఆమె దగ్గర్లోని ఆసుపత్రికి పోయి నర్సు పని నేర్చుకుంటానని అడిగింది. ఇంట్లో పెద్ద గొడవ అయ్యింది. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్ళు ఇంట్లోనే వైద్యం చేయించుకునేవారు. ఆసుపత్రి అంటే దిక్కులేనివాళ్ళు పోయే చోటు. నర్సులకు శిక్షణ లేదు, వాళ్ళు తాగుతారని చెడ్డపేరు. అలాంటి పనికి మా పిల్లా అని తల్లి, అక్క ఏడ్చారు. ఆమె ఎదురు తిరగలేదు, కానీ వదిలిపెట్టలేదు కూడా. తెల్లవారకముందే లేచి, దీపం పెట్టుకొని, ఆసుపత్రుల మీద వచ్చిన ప్రభుత్వ నివేదికలు చదివేది. 1849లో మంచి సంబంధాన్ని వద్దనుకుంది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట మూడు నెలలు రోగుల సేవ నేర్చుకుంది. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రికి పెద్దగా చేరింది. అప్పటికి ఆమెకు 33 ఏళ్ళు. పదహారేళ్ళప్పుడు అనుకున్న పని చెయ్యడానికి ఇన్నేళ్ళు పట్టింది!

యుద్ధ ఆసుపత్రి

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీ ఒక పక్క, రష్యా ఒక పక్క క్రిమియా యుద్ధం చేస్తున్నాయి. గాయపడ్డ ఇంగ్లీషు సైనికులను ఓడల్లో టర్కీలోని స్కుటారి అనే చోటికి తెచ్చేవారు. అక్కడ వాళ్ళ అవస్థ పేపర్లలో చదివి ఇంగ్లండు ప్రజలు అట్టుడికిపోయారు. మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరగా, నైటింగేల్ 38 మంది నర్సులతో అక్టోబరు 21న బయలుదేరి నవంబరు 4న స్కుటారి చేరింది.

అక్కడ చూస్తే ఏముంది? మంచాలు చాలక వరండాల్లో పడుకోబెట్టారు. బట్టలు ఉతికే దిక్కు లేదు. పేలు, ఎలుకలు. బిల్డింగు కింద మురుగు కాలువలు పూడిపోయి కంపు. మొదట్లో మిలిటరీ డాక్టర్లు ఈ ఆడవాళ్ళను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె ఓపికపట్టింది. గాయపడ్డవాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చిపడేసరికి డాక్టర్లే పిలిచారు. ఆమె సబ్బులు, బ్రష్షులు, చొక్కాలు కొనిపించింది. బట్టలు ఉతికే ఏర్పాటు చేసింది. జబ్బు మనిషికి అరిగే తిండి వండే వంటగదులు పెట్టించింది. రాత్రి అందరూ పడుకున్నాక దీపం పట్టుకొని మంచం మంచం దగ్గరికీ పోయి చూసేది. అందుకే దీపధారిణి అని పేరు వచ్చింది. బొమ్మల్లో మనం చూసే దీపం ప్రమిదలాగా ఉంటుంది గానీ, ఆమె వాడింది మడిచిపెట్టే టర్కీ లాంతరు.

ఒక ముఖ్యమైన సంగతి. ఆమె వచ్చిన వెంటనే చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో చేరినవాళ్ళలో నూటికి 42 మంది దాకా చనిపోయారు. గాయాలతో కాదు, ఎక్కువమంది కలరా, టైఫస్, విరేచనాలతో పోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన బృందం వచ్చి మురుగు కాలువలు కడిగించి, చచ్చిన జంతువులను తీయించి, గాలి ఆడేటట్టు చేసింది. జూన్ నాటికి నూటికి ఇద్దరికి దిగింది. ప్రేమ ఒక్కటే చాలదు, శుభ్రమైన నీరు, గాలి, కాలువ కూడా కావాలని ఆమెకు అక్కడ తెలిసింది.

నర్సే రోగి అయ్యింది

1855 మేలో నైటింగేల్ బాలక్లావా అనే చోట ఆసుపత్రులు చూడటానికి పోయి పెద్ద జ్వరంతో పడిపోయింది. చనిపోతుందేమో అనుకున్నారు. బతికింది గానీ ఆ జబ్బు తర్వాత ఆమె మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. ఈ భాగం విన్నప్పుడు నాకు నా సంగతే గుర్తుకొచ్చింది.

పోయిన వానాకాలంలో నాకు మలేరియా తలకెక్కి హైదరాబాదు తీసుకుపోయారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మొదటి మూడు రోజులు నాకు ఏమీ తెలియదు, అమ్మ చెప్తే విన్నాను. సిస్టరమ్మలు రెండు గంటలకొకసారి నన్ను ఇటుపక్కకు అటుపక్కకు తిప్పి పడుకోబెట్టారంట, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. తడిగుడ్డతో ఒళ్ళు తుడిచారు, నోరు శుభ్రం చేశారు, జ్వరం ఎంతుందో ప్రతిసారి కాగితం మీద రాశారు. నేను కోయలో కలవరిస్తుంటే ఒక సిస్టరమ్మ, నీళ్ళను మేము ఏరు అంటామని అమ్మను అడిగి నేర్చుకొని, నన్ను అట్లనే అడిగి తాగించింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. నాకు తెలివి వచ్చేసరికి ఆమె డ్యూటీ మారిపోయింది.

తర్వాత పది రోజులు కిషన్‌బాగ్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉంచారు. అది పాతబస్తీలో, జూపార్కుకు దగ్గర్లో ఉంటుంది. చిన్న చిన్న గల్లీలు, ఇల్లుకు ఇల్లు ఆనుకొని ఉంటుంది. పక్కింట్లో రిటైరైన ముసలి నర్సు ఉండేది, అందరూ ఖాలా అని పిలిచేవారు. రోజూ సాయంత్రం థర్మామీటరు పట్టుకొని వచ్చేది. వచ్చీ రాగానే కిటికీ తెరిపించేది, చీకటి పడితే దోమతెర కట్టించేది. నైటింగేల్ కథ నాకు చెప్పింది ఖాలానే. నర్సింగు బడిలో దీపాలు వెలిగించి నైటింగేల్ పేరుతో ప్రమాణం చేస్తారట. ఆ ప్రమాణం నైటింగేల్ రాసింది కాదు, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఆమె గౌరవార్థం రాశారు. ఖాలా డబ్బులు తీసుకోలేదు. అమ్మ మన అడవి తేనె సీసా ఇస్తే మాత్రం తీసుకుంది.

ఇంకొక తల్లి

అదే యుద్ధంలో మేరీ సీకోల్ అనే నల్లజాతి ఆమె కూడా సేవ చేసింది. ఆమెది జమైకా దీవి. తల్లి దగ్గర చెట్ల మందులు నేర్చుకుంది, మన ఊళ్ళలో వేర్లు, ఆకులు తెలిసిన అవ్వల్లాగ. నర్సుగా పోతానని లండన్‌లో అడిగితే తీసుకోలేదు. సొంత ఖర్చులతో పోయి బాలక్లావా దగ్గర 1855లో తిండి, మందు దొరికే ఇల్లు పెట్టింది. 1881లో చనిపోయాక చాలాకాలం లోకం ఆమెను మరిచిపోయింది. నైటింగేల్ గురించి రాసేటప్పుడు ఈమెను విడిచిపెట్టడం న్యాయం కాదని రాశాను.

లెక్కలతో యుద్ధం

1856లో నైటింగేల్ ఊరేగింపులు ఏమీ లేకుండా చడీచప్పుడు లేకుండా ఇంటికి చేరింది. తర్వాత ఎక్కువకాలం మంచం మీద నుండే పని చేసింది. ఎంతమంది ఎందుకు చనిపోయారో లెక్కలు కట్టి, గుండ్రని రంగుల పటాలు గీసి, మంత్రులకు, రాణికి అర్థమయ్యేటట్టు చూపించింది. గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే. 1859లో రోగుల సేవ గురించి పుస్తకం రాసింది. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలుపెట్టించింది. నర్సు పని అంటే చదువుకొని చేసే గౌరవమైన వృత్తి అయ్యింది.

మన దేశానికి ఆమె ఒక్కసారి కూడా రాలేదు, కానీ దాదాపు నలభై ఏళ్ళు మన గురించి రాసింది. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద 1863లో వచ్చిన నివేదిక వెనుక ఆమె కష్టం ఉంది. అప్పుడు ఇక్కడి ఇంగ్లీషు సైనికుల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోయేవారు. పదేళ్ళకు అది 18కి దిగింది. తర్వాత ఆమె దృష్టి పల్లెల మీద పడింది. కరువుల్లో రైతులు చావకుండా ఉండాలంటే కాలువలు తవ్వాలని వాదించింది. మన గోదావరి మీద 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర మాటలను ఆమె సమర్థించింది.

జబ్బులు చెడుగాలి వల్ల వస్తాయని ఆమె చాలాకాలం నమ్మింది. మలేరియా క్రిమి దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. అప్పటికి ఆమెకు 77 ఏళ్ళు. కారణం పూర్తిగా తెలియకపోయినా ఆమె చెప్పిన శుభ్రత మాత్రం ప్రాణాలు కాపాడింది.

ముసలితనంలో చూపు పోయింది. 1907లో ఇంగ్లండు రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చాడు, ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. రాజులను పాతిపెట్టే పెద్ద చర్చిలో చోటు ఇస్తామన్నా, ఆమె కోరిక ప్రకారం బంధువులు ఒప్పుకోలేదు. సొంత ఊరి చర్చి దగ్గర ఉన్న సమాధి మీద ఆమె పేరు పూర్తిగా లేదు, రెండు అక్షరాలు, తేదీలు మాత్రమే ఉన్నాయి. ఆమె పుట్టినరోజు మే 12ను అన్ని దేశాల్లో నర్సుల దినోత్సవంగా జరుపుకుంటారు.

మనం నేర్చుకోవలసినవి

1. జ్వరం వస్తే దాచకండి. ఇంటికి పంపిస్తారని, సూది వేస్తారని కొందరు దుప్పటి కప్పుకొని పడుకుంటున్నారు. మలేరియా ఒక్క రోజులో తలకెక్కగలదు. వెంటనే మేడం గారికి చెప్పండి, పక్కమంచం అమ్మాయికి ఉన్నా చెప్పండి.

2. దోమతెరలను తాళ్ళకు, మూటలకు వాడొద్దు. కట్టుకొని పడుకోండి.

3. ఎవరికి ఏ రోజు ఎంత జ్వరం వచ్చిందో ఒక నోటుబుక్కులో రాద్దాము. ఏ గదిలో ఎక్కువ వస్తుందో అప్పుడు తెలుస్తుంది. తొమ్మిదో తరగతి తరఫున నేను రాస్తాను. జబ్బుగది కిటికీకి జాలీ వేయించవలసిందిగా వార్డెన్ మేడం గారిని వేడుకుంటున్నాము.

4. మనకు సూది వేసే సిస్టరమ్మ పేరు అడిగి తెలుసుకోండి. ఆమెకు కూడా ఇల్లు, పిల్లలు, నిద్ర ఉంటాయి.

చివరగా ఒక మనవి. పదో తరగతి అక్కల్లో ఇద్దరు, మా క్లాసులో నేను నర్సింగు చదవాలనుకుంటున్నాము. ఇంట్లో వద్దంటున్నారు. రాత్రి డ్యూటీలు, పరాయివాళ్ళ ఒళ్ళు తుడిచే పని, పెళ్ళి కాదు అంటున్నారు. 1845లో నైటింగేల్ ఇంట్లో అన్నవీ ఇలాంటి మాటలే. వచ్చే తల్లిదండ్రుల మీటింగులో వార్డెన్ మేడం గారు, టీచర్లు మా అమ్మానాన్నలకు ఈ వృత్తి గురించి నాలుగు మంచి మాటలు చెప్పవలసిందిగా కోరుతున్నాము. మన భాష తెలిసిన నర్సు ఒక్కరున్నా, జ్వరంలో కలవరించే మన పిల్లలకు నీళ్ళు అడిగి తాగించేవాళ్ళు ఉంటారు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి